కుడి కాలు ఎక్కడుంది

కూర్మన్నపాలెం,
4 మార్చి 2025

అప్పలసూరికి,

బావా అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. అందుకని పేరు పెట్టే రాస్తున్నాను. జైలుకి ములాఖత్‌కు రమ్మని మీ ప్లీడరు గుమస్తా శివరామకృష్ణ మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. నేను రాను. జాలీ అడ్డం లేకపోతే నీ గొంతు పిసికేస్తాను, ఉంటే నా చేతులు నేనే కొరుక్కోవాలి. కాగితం మీదైతే ఇద్దరికీ క్షేమం. కవరు అంటించి అతని చేతికే ఇస్తున్నాను. మధ్యలో ఎవరూ విప్పరని మాటిచ్చాడు.

జయంత్ పెదకర్మ అయిపోయింది. పోస్టుమార్టం నుంచి తెచ్చినప్పుడు మూట విప్పొద్దని అందరూ చెప్పారు. నేను విప్పాను. నా తమ్ముడి మొహంలో సగం లేదు. మిగిలిన సగం నిద్రపోతున్నట్టు ఉంది. ఆ సగాన్ని నేను తుడిచాను. నువ్వు అన్నం తింటున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు రావాలని రాస్తున్నాను.

నువ్వు మా పుష్పను కొట్టావు. కట్టుకున్న పెళ్ళాం కన్ను వాచిపోయేలా కొట్టావు. దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాక జయంత్ ఆనందపురం పూల మార్కెట్లో, నీ కమీషన్ కొట్టు ముందే, అందరూ చూస్తుండగా నీ పన్ను రాలగొట్టాడు. అప్పుడు నువ్వేమన్నావు? "నీ మీద బండెక్కించకపోతే నాను అప్పలసూరిని కాను." నెల తిరక్కుండా ఎక్కించావు. ఇక కోర్టుకు చెప్పడానికి ఏం మిగిలింది?

రోడ్డు పక్క బంతిపూలమ్మే రామలక్ష్మమ్మ కళ్ళారా చూసింది. "లారీ ఎనకాల కారు బాగా నెమ్మదైపోనాది బాబూ. ఆగిపోతాదనుకున్నాను. అంతలో గుర్రుమని ఒక్క ఉరుకు ఉరికినాది. ఆ బాబు బండి మీద నిలబడున్నాడు. సూసుకునే గుద్దీసినాడు" అంది. పోలీసులకూ అదే చెప్పింది.

ఆ రోజు జాకీ రాడ్డుతో నీ చెయ్యి విరగ్గొట్టింది నేనే. పోలీసు జీపు రాకపోయుంటే రెండోదీ విరిచేవాణ్ణి. నీకు బెయిలు వచ్చిన రోజున జైలు గేటు దగ్గర ఉంటాను. బెదిరిస్తున్నాననుకోకు, కబురు చెబుతున్నాను.

జయంత్ అన్న,
దేవీప్రసాద్


సెంట్రల్ జైలు,
13 మార్చి 2025

పెద్దబావకు నమస్కారం.

నువ్వు అనకపోయినా నేను బావా అనే అంటాను. వరస నీ కోపాన్ని బట్టి మారదు. నువ్వు విరగ్గొట్టింది ఎడం చెయ్యి. రాయకుండా చెయ్యాలనుకుంటే చూసుకుని కొట్టాల్సింది. కట్టు లోపల దురద, గోక్కోవడానికి చీపురు పుల్ల కూడా ఇవ్వరు. నా పక్క చాపవాడు రాత్రంతా పళ్ళు నూరతాడు. ఇవీ ఇక్కడి విశేషాలు.

జయంత్ పోయాడని ఏడుస్తున్నానని రాయను. రాసినా నువ్వు నమ్మవు. వాడు నా కొట్టు ముందు నన్ను కుక్కని కొట్టినట్టు కొట్టాడు. మార్కెట్లో చామంతులు కట్టే ఆడవాళ్ళు కూడా నవ్వారు. వాడంటే నాకు అసహ్యం. కానీ నేను వాణ్ణి చంపలేదు. ఈ రెండూ నిజాలే.

కొత్త కారులో ఒక ఏర్పాటుంది. క్రూయిజ్ అంటారు. ఎనభై అని పెట్టి వదిలేస్తే కారు తనంత తాను ఎనభైలో పోతుంది. ముందు లారీ అడ్డమొస్తే తనే నెమ్మదిస్తుంది, దూరం పాటిస్తుంది. లారీ తప్పుకుందంటే మళ్ళీ తనే ఎనభై అందుకుంటుంది. ఆ రోజు నేను భీమిలి నుంచి వచ్చి హైవే ఎక్కి అలా పెట్టి వదిలాను. ఆనందపురం దాటాక ముందు ఇసుక లారీ నెమ్మదించింది, నా కారూ నెమ్మదించింది. లారీ ఎడమకి సర్వీసు రోడ్డులోకి దిగిపోయింది. కారుకి రోడ్డు ఖాళీగా కనబడి పరుగందుకుంది. అవతల డివైడర్ సందు దగ్గర మలుపు తిరగడానికి జయంత్ బండి ఆపుకుని ఉన్నాడు. నిలబడి ఉన్నవాటిని ఆ యంత్రం లెక్కపెట్టదట. అడ్డమొస్తే తనే ఆగే ఏర్పాటు ఇంకొకటి ఉంది గానీ, అది ప్రతి ఆవుకీ స్కూటరుకీ ఉలిక్కిపడి నడుం విరిచేస్తోందని కొన్నవారానికే తీయించేశాను.

రామలక్ష్మమ్మ అబద్ధం చెప్పలేదు. కారు నెమ్మదైంది, ఉరికింది. కానీ ఉరికించింది నేను కాదు. నా కుడి కాలు ఏ పెడలు మీదా లేదు. ఊరికే కింద పెట్టుకుని ఉంది.

పుష్పకు ఇది చదివి వినిపించు.

అప్పలసూరి


కూర్మన్నపాలెం,
29 మార్చి 2025

అప్పలసూరికి,

పుష్పకు వినిపించలేదు. అది ఎవరితోనూ మాట్లాడటం లేదు. దాని ఎడమ కన్ను ఇంకా సగమే తెరుచుకుంటోంది. మా ఆవిడ కుసుమ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెడుతుంటే తింటోంది. నీ ఉత్తరాలు ఫ్రిజ్ మీద పడేశాను.

నువ్వు రాసింది చదివి మొదట నవ్వొచ్చింది. మనిషిని చంపేసి కారు చంపిందంటున్నావు. తర్వాత నిద్ర పట్టలేదు. మా మిల్లులో సుమంత్ అని ఇంజనీరు ఉన్నాడు, అతని కారులోనూ ఈ క్రూయిజ్ ఉందట. డ్యూటీ దిగాక గాజువాక దాటి తీసుకెళ్ళి చూపించాడు. నువ్వు చెప్పినట్టే నెమ్మదించింది, ఆగే దాకా నెమ్మదించింది, మళ్ళీ తనే బయల్దేరింది. నిజం చెబుతున్నాను, నా తమ్ముణ్ణి చంపినవాడి మీద జాలిపడతానేమోనని భయం వేసింది.

అంతలో సుమంత్ అడిగాడు: "మీ బావది క్లచ్చున్న కారా, లేనిదా?"

ఉన్నదే అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. తన కారులో గేర్లు కారే మార్చుకుంటుందట, అందుకే నెమ్మదించడమూ పరుగెత్తడమూ దాని చేతిలోనే ఉంటాయి. క్లచ్చున్న కారు అలా కాదట. పెద్ద గేరులో ఉండగా బాగా నెమ్మదైతే ఇంజను వణుకుతుంది. ఇంకా తగ్గితే క్రూయిజ్ చేతులెత్తేసి, గంట కొట్టి, బండిని నీకే అప్పగిస్తుంది. గేరు మార్చకుండా అది అలా ఉరకలేదు.

మళ్ళీ రామలక్ష్మమ్మ దగ్గరకు పోయి అడిగాను. "అవును బాబూ, కారు వొణికినాది. గేరు దించిన సప్పుడు నాను ఇన్నాను. మా ఆయన లారీ డ్రైవరు, నాకు తెల్దేటి?" అంది.

ఎడమ కాలితో క్లచ్చు తొక్కావు. ఎడమ చేత్తో గేరు దించావు. అది కారు చేసే పని కాదు. ఏ గేరు వేశావు? అదొక్కటీ రాయి.

నీ పూల కొట్టు పగలగొట్టారని, మీ తమ్ముడు శ్రీరామ్మూర్తి తల పగిలిందని తెలిసింది. పాపం అనలేను.

దేవీప్రసాద్


సెంట్రల్ జైలు,
8 ఏప్రిల్ 2025

బావకు,

మూడో గేరు. దాచేదేం లేదు. ఐదులోంచి మూడుకు దించాను. నువ్వు అడగకముందే పోలీసులకు చెప్పాను. వాళ్ళకి క్లచ్చూ తెలియదు, క్రూయిజూ తెలియదు, చెంపదెబ్బలు తెలుసు.

ముందు మా తమ్ముడి సంగతి. శ్రీరామ్మూర్తి చామంతి బుట్టలు దించుకుంటుంటే నలుగురు వచ్చి క్రికెట్ బ్యాటుతో తల పగలగొట్టారు. వాడు ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. నీళ్ళు చల్లిన పూల మీద వాడి నెత్తురు పారింది. ఆ పూలు సాయంత్రానికి ఎవరో ఏరుకుని అమ్మేశారట. ఈ పని చేయించింది నువ్వేనని మా అమ్మ మట్టి జల్లి శపించింది. నా మీద కోపముంటే నా దగ్గరకు రా. గేటు దాకా ఆగలేకపోతే ములాఖత్‌కే రా. కానీ వాడి జోలికి వెళ్ళిన చేతులు మాత్రం విరిగి తీరతాయి. రాసి పెట్టుకో.

ఇక గేరు. ఇంజను వణుకుతుంటే తెర మీద కిందికి బాణం గుర్తు వెలిగింది, గేరు దించమని. కారు నడిపేవాడెవడైనా దించుతాడు. చెయ్యి తనంతట తాను దించింది. వెనకటి కారులో క్లచ్చు తొక్కితే క్రూయిజ్ పోయేది. ఇదీ పోయిందనే అనుకున్నాను. దీంట్లో పోదు బావా. గేరు మార్చేదాకా ఊరుకుని, క్లచ్చు వదలగానే మళ్ళీ అందుకుంటుంది. బ్రేకు తొక్కితేనే పోతుంది. నేను క్లచ్చు వదిలానా, అదే సమయానికి లారీ పక్కకు తప్పుకుంది. మూడో గేరులో ఇంజను ఉత్త ఎద్దులా లాగింది. అంతే.

సుమంత్‌ది ఆటోమేటిక్. దానిలో కూర్చుని నాకు ఉరి వెయ్యకు. క్లచ్చున్న అలాంటి కారే ఎక్కి, నువ్వే నడిపి చూడు. చూశాక కూడా నేను చంపానంటే, గేటు దగ్గరకు నువ్వు కత్తి తేనక్కర్లేదు, నేనే తెస్తాను.

అప్పలసూరి


కూర్మన్నపాలెం,
27 ఏప్రిల్ 2025

సూరి బావకు,

ఈసారి వరస పెట్టే రాస్తున్నాను. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

మీ తమ్ముణ్ణి కొట్టించింది నేను కాదు. మా పెదనాన్న కొడుకు ఎల్లారావు, జయంత్‌తో పోర్టులో పనిచేసేవాళ్ళు కలిసి వెళ్ళారు. నాకు ముందు తెలియదు. తెలిసినా ఆపి ఉండేవాణ్ణని చెప్పలేను. మీ అమ్మకు చెప్పు, శాపం సరైన ఇంటికే తగిలింది గానీ సరైన మనిషికి కాదు.

నువ్వన్నట్టే చేశాను. నీ కారులాంటిదే, క్లచ్చున్నది, ఎరువు తెచ్చుకున్నాను. తెల్లవారగానే ఆనందపురం దగ్గర అదే చోటికి పోయాను. ఎల్లారావు తెలిసినవాడి ఇసుక లారీ తెచ్చాడు. జయంత్ నిలబడ్డ చోట ఖాళీ అట్టపెట్టెలు పేర్చాం. రామలక్ష్మమ్మ బంతిపూల గంప దించుకుని, "ఏటి బాబూ, మళ్ళీ సంపుతారా ఆడ్ని" అంది. అయినా ఎక్కాను.

అడ్డమొస్తే తనే ఆగే ఏర్పాటు తీసేసి, ఎనభై పెట్టాను. లారీ నెమ్మదించింది, కారు నెమ్మదించింది, వణికింది, బాణం గుర్తు వెలిగింది. మూడుకు దించి క్లచ్చు వదిలాను. లారీ తప్పుకుంది. కారు ఉరికింది. నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. నీ మీద నేను వేసిన నింద తప్పు. ఆ మాట ఒప్పుకోవడానికే వరస పెట్టాను.

కానీ ఇంకొకటి జరిగింది. అట్టపెట్టెలు కనబడగానే నా కుడి కాలు వెళ్ళి బ్రేకు మీద పడింది. నేను పడెయ్యలేదు, అదే పడింది. కారు పెట్టెలకు ఇవతలే ఆగింది. మళ్ళీ చేశాను. ఈసారి బ్రేకు తొక్కకూడదని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అయినా తొక్కేసింది. ఖాళీ అట్టపెట్టెల కోసం, సూరీ. లోపల గాలి తప్ప ఏమీ లేని పెట్టెల కోసం.

నీ కాలు ఏ పెడలు మీదా లేదని నువ్వే రాశావు. చేతికి పని ఉంది, ఎడమ కాలికి పని ఉంది. కుడి కాలు ఖాళీగా ఉంది. ఎదురుగా నా తమ్ముడు ఉన్నాడు. ఆ కాలు ఎందుకు లేవలేదు?

కోర్టు ఎక్సలేటరు సంగతే అడుగుతోంది. బ్రేకు సంగతి నేను అడుగుతున్నాను.

దేవీప్రసాద్


సెంట్రల్ జైలు,
6 మే 2025

బావకు,

నీ ఉత్తరం అందిన రోజున కట్టు విప్పారు. చెయ్యి వంకరగా అతుక్కుంది. ఇకమీదట గేరు మార్చాలంటే భుజం కూడా కదపాలి.

కారు కంపెనీవాళ్ళు వచ్చి కారు పరీక్ష చేసి, ఎక్సలేటరు మీద కాలు పడలేదని జడ్జికి చెప్పారు. ఈ నెలలో బెయిలు వచ్చేస్తుందని ప్లీడరు చంకలు గుద్దుకుంటున్నాడు. నీకు జవాబు రాయొద్దని కూడా చెప్పాడు. ఆయన మాట వింటే నాకు మంచిదే. కానీ ఇన్నాళ్ళలో నన్ను ఎవరూ సరైన ప్రశ్న అడగలేదు. పోలీసులు కొట్టారు, ప్లీడరు ముద్దుచేశాడు, నువ్వు అడిగావు.

చూశాను. లారీ తప్పుకోగానే చూశాను. ఆ బండి, ఆ నీలం చొక్కా. వాడూ తల తిప్పి నన్ను చూశాడు. కారు నాదని పోల్చుకున్నాడు. భయపడలేదు. సూరిగాడికి ఇంత దమ్ముందా అన్నట్టు పెదవి విరిచాడు. బహుశా నాకే అలా కనిపించిందేమో.

కారు ఉరుకుతోంది. నా చేతులు స్టీరింగు మీద ఊరికే ఉన్నాయి. అప్పుడు నా మనసులోకి ఒక మాట వచ్చింది. చేస్తున్నది కారు, నేను కాదు. ఆ మాట ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. నా కొట్టు ముందు తిన్న దెబ్బలన్నీ, ఆడవాళ్ళ నవ్వులన్నీ ఆ హాయిలో కరిగిపోయాయి. కాలు లేపొచ్చని తెలుసు. ఎక్కడ పెట్టాలో తెలుసు. లేపలేదు.

తర్వాత అద్దం మీద వాడు పడ్డాడు. అప్పుడు తొక్కాను బ్రేకు. రెండు కాళ్ళతోనూ తొక్కాను.

ఈ ఉత్తరం పోలీసులకు ఇస్తే ఇచ్చుకో. ఇవ్వకపోతే గేటు దగ్గరకు రా. రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే. పుష్పకు మాత్రం చూపించకు.

అప్పలసూరి


కూర్మన్నపాలెం,
19 మే 2025, ఉదయం

సూరి బావకు,

ఈ కవరు శివరామకృష్ణకు ఇస్తున్నాను, సాయంత్రం దాకా నీకు ఇవ్వొద్దని చెప్పి. చదవడానికి నువ్వు ఉంటే చదువుకో. లేకపోతే చింపెయ్యమన్నాను.

నీ ఉత్తరం పోలీసులకు ఇవ్వలేదు. ఎల్లారావుకు చదివి వినిపించాను. వాడు చదువుకోలేదు, మళ్ళీ చదవమన్నాడు, మళ్ళీ చదివాను. ఆ నీలం చొక్కా దగ్గర వాడు లేచి గోడ మీద గుద్దాడు. వేళ్ళ చర్మం ఊడిపోయింది. తర్వాత వెళ్ళిపోయాడు. కొబ్బరికాయలు కొట్టే కత్తి సానబట్టించాడని కుసుమ ఎక్కడో విని వచ్చి చెప్పింది.

నిన్న వాడు ఫోను చేశాడు. "రేపు ఆడ్ని వొదుల్తన్నారు. నువ్వొత్తావా, రావా?" అన్నాడు. రానన్నాను. "మరి మమ్మల్ని ఎల్లమంటావా, వొద్దంటావా? నువ్వు వొద్దంటే మానేత్తాం, నీ మాట దాటం" అన్నాడు. నేను ఏమీ అనలేదు. వాడు చాలాసేపు ఆగి పెట్టేశాడు.

గేటు దగ్గరుంటానని నీకు కబురు చెప్పాను. మాట తప్పుతున్నాను. రాడ్డుతో నీ చెయ్యి విరిచినప్పుడు నాకు తృప్తి కలిగింది, రాత్రికి వాంతులయ్యాయి. ఇంకోసారి ఆ పని నా వల్ల కాదు.

ఇప్పుడు ఏడున్నర అయింది. ఫోను నా ముందే టేబులు మీద ఉంది. ఒక్క మాట చెబితే ఎల్లారావు ఆగిపోతాడు. ఎక్కడ నొక్కాలో తెలుసు. నువ్వు రాసింది నిజమే బావా. చేస్తున్నది వాడు, నేను కాదు. ఆ మాట హాయిగానే ఉంది.

దేవీప్రసాద్


పెద్దాసుపత్రి,
23 మే 2025

దేవీప్రసాద్ బావకు,

నేను బతికే ఉన్నాను. నీ కవరు శివరామకృష్ణ చెప్పిన ప్రకారమే సాయంత్రం ఇచ్చాడు. అప్పటికి నా చొక్కా నిండా నెత్తురు, అది నాది కాదు.

నువ్వు ఆసుపత్రికి ఎందుకు రావడం లేదో కుసుమకు అర్థం కావడం లేదు. జ్వరమని చెబుతున్నావట. ఏం జరిగిందో నీకు సరిగా ఎవరూ చెప్పి ఉండరు, ఎల్లారావు పరారీలో ఉన్నాడు కనుక.

నేను గేటు బయటకు వచ్చేసరికి రోడ్డు అవతల పుష్ప ఆటో దిగుతోంది. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిందనుకుని నవ్వాను. ఎంత వెర్రివాణ్ణి. దగ్గరకు వచ్చి నా కాలరు పట్టుకుంది. నా ఉత్తరాలన్నీ ఫ్రిజ్ మీంచి తీసి చదివిందట. చూపించొద్దన్నది కూడా చదివింది. "సిన్నన్న నిన్ను సూసినాడన్నావు. నువ్వు సూసినావన్నావు. కాలెందుకు లేపనేదు సెప్పు" అని మొహం మీద కొడుతోంది. చేతులు అడ్డం పెట్టకుండా నిలబడ్డాను. ఆ దెబ్బలు నాకు రావలసినవే.

వాళ్ళు వెనక నుంచి వచ్చారు. పుష్ప నాకు అడ్డం పడిందని పేపర్లో రాశారు. అడ్డం పడలేదు. నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది, కత్తి ఆ చేతి మీద దిగింది. రెండోది భుజం మీద. కొట్టినది తన చెల్లెలినని తెలిశాక ఎల్లారావు కత్తి పారేసి పసిపిల్లాడిలా అరిచాడు. నేను పుష్ప చేతిని ఒడిసిపట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాను. మణికట్టు దగ్గర కొంచెం చర్మం మాత్రమే మిగిలింది.

చెయ్యి తీసేశారు. కుడి చెయ్యి. ప్రాణానికి భయం లేదంటున్నారు.

నిన్న తెలివొచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. గోడవైపే చూస్తూ, "ఆళ్ళొత్తారని అన్నయ్యకి ముందే తెల్సా?" అంది.

తెలియదని చెప్పాను. నీ మీద ప్రేమతో కాదు. దానికి ఈ ప్రపంచంలో మొగుడు లేడు, చిన్నన్న లేడు, ఒక్కడైనా మిగలాలి కదా అని చెప్పాను.

నమ్మలేదు. "అన్నయ్యనే అడుగుతాను" అంది. అప్పట్నుంచీ తలుపు వైపే చూస్తోంది. సాయంత్రం నాలుగింటికి లోపలికి రానిస్తారు.

అప్పలసూరి